కాడతో సహా

చెట్ల కొసల మీద హెలికాప్టర్ ఇంకో రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే చాలు, ఆకుల మీది నీళ్లన్నీ రాలిపోతాయి, రెఫూహియో మేస్త్రీ చెయ్యి ఊపుతాడు, కార్ల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి, మేం ఏడో తోటలోకి, వాళ్లు ఎనిమిదో తోటలోకి, మధ్యలో ఒక్క మట్టిబాట, ఆ బాటకి అవతల మా అక్క. పదకొండేళ్ల తర్వాత మా అక్క. ఈ మాట నాలో నేను పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో, అనుకున్నప్పుడల్లా ముందు సీటు వెనక నా మోకాలు దానంతటదే టకటకా కొట్టుకుంటోంది. స్టీరింగు ముందు కూర్చున్న చాయో అత్త అద్దంలోంచి చూసి, ఏమే పిల్లా, నీ సీట్లో చీమలేమైనా ఉన్నాయా అంది. లేవన్నాను. ఆమెకి తెలుసు, ఊరికే అడుగుతుంది. తెల్లవారుజామున వాన పడకపోయి ఉంటే ఈపాటికి సగం చెట్లు కోసేసేవాళ్లం. పండిన చెర్రీ మీద నీళ్లు నిలవకూడదు, నిలిచిన నీళ్లన్నీ పండు తాగేస్తుంది, తాగి తాగి పగిలిపోతుంది, అందుకే ఈ హెలికాప్టర్, చెట్ల నెత్తిన చెయ్యి చాపితే అందేంత కిందుగా ఎగురుతూ గాలితో తోటంతా దులుపుతుంది. దీన్ని మొదటిసారి చూసినప్పుడు నాకోసమే వచ్చిందనుకున్నాను. కాయితాలు లేనివాళ్లని పట్టుకోవడానికి ఇంత పెద్దది పంపుతారా అనుకుని చెట్టు మొదట్లో గడ్డిలో బోర్లా పడుకున్నాను, చాయో అత్తే కాలు పట్టి బయటికి లాగింది. ఇప్పుడు దాని చప్పుడు నాకు పెళ్లి బాజాలా ఉంది. కానీ తొందరగా పొమ్మను దాన్ని, దులిపింది చాలు.

బస్సు వచ్చి పది నిమిషాలయింది. తెల్లబస్సు, వీసా మీద ఒక్క సీజనుకి తెచ్చే కాంట్రాక్టు వాళ్లని సరిహద్దు దగ్గర నుంచి మూడు రోజులు మోసుకొచ్చిన బస్సే. నిన్న సాయంత్రం దిగారట, శిబిరంలో మంచాలు చూపించి, తెల్లారేసరికి తోటలోకి తెచ్చారు. నేను అద్దం మీది ఆవిరిని మోచేత్తో తుడిచి తుడిచి చూశాను. నలభై మంది దిగారు, అందులో ఆడవాళ్లు ఎనిమిది మంది. ఈ కంపెనీ ఆడవాళ్లని తీసుకోవడం ఇదే మొదలు. ఎనిమిది మందీ ముక్కు మీదికి గుడ్డ కట్టుకుని, దాని మీద టోపీ, టోపీ మీద స్వెట్టరుకి ఉన్న తలగుడ్డ, కళ్లు తప్ప ఏమీ కనబడదు. కళ్లు కూడా ఇంత దూరం నుంచి ఏం కనబడతాయి. పొట్టిగా ఉన్నది అక్క అనుకున్నాను. కాదు, అక్క నాకన్నా ఎత్తు. కానీ అప్పుడు నాకు పన్నెండేళ్లు కదా, అప్పటి నాకన్నా ఎత్తు, ఇప్పటి నాకన్నా ఎంతో ఏం తెలుసు. పసుపు చొక్కా ఆవిడ నడక అమ్మ నడకలా ఉంది, ఆవిడే, ఆవిడే అనుకునేలోపు ఆమె పక్కావిడతో ఏదో అని కులుకుతూ నవ్వింది, మా ఇంట్లో ఎవరూ అలా నవ్వరు. అందరూ చెట్ల వెనక్కి వెళ్లిపోయారు. కిందికి దిగి పరుగెత్తనా అంటే చాయో అత్త తల అడ్డంగా ఊపింది. రెండు ముఠాలూ కలవకూడదు, అది ఇక్కడి కట్టుబాటు. ఒకరి తోటలోకి ఒకరు అడుగు పెట్టకూడదు, మాట్లాడకూడదు, పెడితే ఆ రోజుకి ఇంటికి పంపేస్తారు. మధ్యాహ్నం దాకా ఆగమంది. ఇన్నేళ్లు ఆగావు, ఆరు గంటలు ఆగలేవా అంది. ఆగలేను. పదకొండేళ్లు ఆగడం ఏమంత కష్టం కాలేదు, ఈ ఆరు గంటలే ఆగలేను.

మేం ఊరు వదిలిన రోజు అక్క చేతిలో కోడి ఉంది. మా నాయనమ్మ కాలు విరిగి పడుకుంది, ఎవరో ఒకరు ఉండాలి, పదిహేడేళ్లది ఉంటుంది, పన్నెండేళ్లది తల్లితో సరిహద్దు దాటుతుంది, అలా తేల్చారు. ట్రక్కు కొండ దిగుతుంటే నేను వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉన్నాను, అక్క ఊపలేదు. ఎన్నో ఏళ్లు దాన్ని మనసులో పెట్టుకున్నాను, అక్కకి కోపం, నన్ను తీసుకెళ్లి తనని వదిలేసినందుకు అనుకున్నాను. ఒక ఆదివారం ఫోన్లో అడిగేశాను. అక్క విరగబడి నవ్వింది, పిచ్చిదానా, ఆ కోడిని సంతలో అమ్మాలి, ఒక చేత్తో దాని కాళ్లు, ఇంకో చేత్తో రెక్కలు పట్టుకున్నాను, ఏ చెయ్యి ఊపను అంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అక్క గొంతు, దగ్గు, ఊపిరి కూడా తెలుసు, మా ఊళ్లో సిగ్నలు గుడి వెనక గట్టు ఎక్కితేనే అందుతుంది కాబట్టి ఫోను ఎత్తగానే ముందు వినబడేది ఆ ఆయాసమే. బొమ్మ రాదు అక్కడ, గొంతు మాత్రమే. వీసాకి తీయించుకున్న ఫొటో ఒకటి పంపింది కానీ అందులో మనిషి మా అక్కలా లేదు, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుంది, ఆ ఫొటోల్లో అందరూ అలాగే ఉంటారు. అమ్మ మాత్రం దాన్ని మేరీమాత పక్కన పెట్టుకుంది. రాత్రి చిక్కుడు గింజలు కూరి మొక్కజొన్న పిండి ముద్దలు ఆకుల్లో చుట్టి ఉడకబెట్టింది, నా కాళ్ల దగ్గర సంచిలో ఇంకా వెచ్చగా ఉన్నాయి, కారంతా ఆ ఆకు వాసన. మీ అక్క ఒలాయాకి పది, నీకు రెండు అని మరీ చెప్పి పంపింది. ప్యాకింగ్ షెడ్డులో ఈ రోజు సెలవు ఇవ్వలేదు గానీ, ఇచ్చి ఉంటే అమ్మ ఈ కారు పైన ఎక్కి కూర్చునేది.

హెలికాప్టర్ మా నెత్తి మీదికి వచ్చి కారు ఊగింది, అద్దాలు గిలగిలలాడాయి, నీళ్లు చారలు చారలుగా వచ్చి పడ్డాయి. చాయో అత్తకి ఆ చప్పుడులో కూడా మాట్లాడాలనే ఉంటుంది. మెడ వెనక్కి తిప్పి అరుస్తోంది. "నీ మొదటి రోజు గుర్తుందా ఎలోదియా? పదిహేనేళ్ల పిల్లవి, అందరికన్నా ముందు బకెట్టు నింపేసి రాణీగారిలా నడిచొచ్చావు. చూస్తే ఒక్క పండుకీ కాడ లేదు. మేస్త్రీ మొహం చూడాలి అప్పుడు." ఆమె నవ్వుతోంది. నేనూ నవ్వబోయాను. నోరు తెరిచాను, నవ్వు రాలేదు. కాడ. అక్కకి కాడ సంగతి చెప్పలేదు.

అక్కకి అన్నీ చెప్పాను. స్వెట్టరు తెచ్చుకో, ఇక్కడ జూన్లో కూడా పొద్దున్నే వణుకు పుడుతుంది అని చెప్పాను. గొట్టం నీళ్లు తాగకు అన్నాను. మూడు కాళ్ల నిచ్చెన మీద పై మెట్టు ఎక్కకు అన్నాను. సరిహద్దు ఊరి హోటలు నుంచి చివరిసారి మాట్లాడినప్పుడు ఫోన్లో ఛార్జి అయిపోతోందని తొందర తొందరగా అమ్మ జబ్బు, నాయనమ్మ సమాధికి సున్నం వేశారా, పిల్లలిద్దరినీ ఎవరి దగ్గర వదిలావు, ఇవే. అక్క మధ్యలో అంది కూడా, చెర్రీ అంటే కాఫీ పండులాంటిదే కదే, నాకు కొత్తా అని. అంటే నేను నవ్వాను. నవ్వి, అవును అన్నాను. ఎలా అన్నాను ఆ మాట? ఎనిమిదేళ్లుగా ఈ చెట్లెక్కుతున్నదాన్ని, ఆ ఒక్క తప్పూ నేనే చేసినదాన్ని. ఇప్పుడు ఫోను చేద్దామంటే అక్కడి నంబరు ఇక్కడ మోగదు. పన్నెండుసార్లు చేశాను, మోగదని తెలిసే చేశాను. కాంట్రాక్టు వాళ్లకి మొదటి రోజు పరీక్షలాంటిది. పాడు పండ్లు తెస్తే బకెట్టు గడ్డిలో కుమ్మరిస్తారు, మూడోసారి కుమ్మరించారంటే బస్సులో కూర్చోబెడతారు, సాయంత్రం శిబిరంలో మూట కట్టుకోమంటారు. కిందటేడు ఇద్దరిని అలాగే పంపారు. అక్కని పంపేస్తే ఇక అంతే, నేను అక్కడికి వెళితే తిరిగి రాలేను, అక్కని ఇక పిలవరు. మట్టిబాట అవతలి దాకా వచ్చిన మనిషి, మొహం చూడకుండానే, మూడు బకెట్లలో వెళ్లిపోతుంది.

మా కొండల్లో కాఫీ పండు కోసేటప్పుడు కాడ రాకూడదు. కాడ కొమ్మకే ఉండాలి, పండొక్కటే జారి గంపలో పడాలి. కాడ ఊడితే వచ్చే ఏడు అక్కడ పువ్వు పుయ్యదు. నాయనమ్మ నా గంపలోకి చెయ్యి పెట్టి వెతికి, దొరికిన కాడకొకటి చొప్పున చేతి మీద చురుక్కుమని వేసేది. అక్క గంపలో ఎప్పుడూ దొరికేవి కావు. అక్క కోస్తుంటే పక్క ఊరి వాళ్లు కూడా నిలబడి చూసేవాళ్లు. రెండు చేతులూ కొమ్మ మీద పెట్టి ఆవు పొదుగు పిండినట్టు కిందికి లాక్కుంటూ వచ్చేది, ఎర్రవి మాత్రం రాలేవి, పచ్చివి ఉన్నచోటే ఉండేవి. నడుముకి గంప కట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, చెట్టుతో ఏదో మంతనం చేస్తున్నట్టు దానికి తలకాయ ఆనించి కోసేది. నాకు నేర్పింది అక్కే. వేళ్లు మెత్తగా పెట్టవే, చెట్టుకి తెలియకూడదు అనేది. ఇక్కడికొచ్చాక అదంతా తలకిందులైంది. చెర్రీకి కాడ ఉండాలి, లేకపోతే ఆ చిల్లులోంచి రసం కారి పెట్టె పెట్టె కుళ్లిపోతుంది. పండు ముట్టుకోకూడదు, కాడ మొదట్లో రెండు వేళ్లతో పట్టి పైకి మెలిపెట్టాలి. నా వేళ్లకి అది ఎక్కడానికి వారం పట్టింది. పిల్లని కాబట్టి, ఈ ఊళ్లో ఉండేదాన్ని కాబట్టి, చాయో అత్త అడ్డుపడింది కాబట్టి వారం ఇచ్చారు. అక్కకి ఎవరిస్తారు? ఆ బస్సులో మిగతా వాళ్లందరూ మా దేశంలోని సినలోవా టమాటా తోటల నుంచి వచ్చినవాళ్లట, వాళ్ల చేతులకి ఏ అలవాటూ అడ్డం రాదు, చూపిస్తే పట్టేస్తారు. మా అక్క చేతులే, అన్నిటికన్నా మంచి చేతులే, పాడు చేస్తాయి.

హెలికాప్టర్ నది వైపు తిరిగి వెళ్లిపోయింది. అంత నిశ్శబ్దం ఒక్కసారి మీద పడేసరికి చెవులు గుయ్యిమన్నాయి. మేస్త్రీ చెయ్యి ఊపాడు. నేను అందరికన్నా ముందు దిగాను, భుజాల పట్టీలు తగిలించుకుని, బకెట్టు పొట్ట మీద బిగించి, నిచ్చెన ఎత్తుకుని, మట్టిబాట పక్క వరసే నాకు కావాలని చాయో అత్తతో అన్నాను. నేనెప్పుడూ ఏదీ కావాలని అడగను. ఆమె నా మొహం చూసి తన నిచ్చెన పక్కకి జరిపింది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కాడ, మెలిక, కాడ, మెలిక, తడి ఆకులు మొహానికి తగులుతున్నాయి, నేను మాత్రం కొమ్మల సందుల్లోంచి బాట అవతలికి చూస్తున్నాను. అటు కూడా నిచ్చెనలు లేచాయి, టోపీలు ఆకుల్లో మునిగాయి. ఎవరో దగ్గారు. అక్క దగ్గు కాదు. అవతల తనిఖీకి నిలబడింది ఒరాలియా, మా వీధిలోనే ఉంటుంది, మంచిదే, పిల్లలకి జ్వరమొస్తే అర్ధరాత్రయినా మందు తెచ్చిస్తుంది, కానీ మంచి పండ్లు పోసే పెట్టె దగ్గర నిలబడితే ఎవరికీ చుట్టం కాదు. నా బకెట్టు సగం నిండిందో లేదో అటు గడ్డిలో ఎర్రగా కుప్ప పడింది. పండ్లు నేల మీద పడితే చప్పుడే ఉండదు, గడ్డి మింగేస్తుంది. నేను పై మెట్టు ఎక్కేశాను, అక్కని ఎక్కొద్దన్న మెట్టే. ఎవరి బకెట్టో కనబడలేదు, చెట్ల చాటున పడింది. అంత తొందరగా నింపింది ఎవరు? ఆ ముఠాలో అందరికన్నా ముందు బకెట్టు నింపిన మనిషి ఎవరు? నాకు నవ్వూ ఏడుపూ కలిపి వచ్చాయి. మా అక్క కాకపోతే ఎవరు.

రెండో కుప్ప పడింది. ఇంకా తొందరగా పడింది.

అప్పుడు కనిపించింది. నాలుగో చెట్టు కింద, ఊదారంగు తలగుడ్డ. నిచ్చెన పక్కకి ఆనించి నేల మీదే నిలబడింది. భుజాలకి వేసుకోవాల్సిన పట్టీలు నడుముకి చుట్టి ముడి వేసుకుంది, బకెట్టు తొడ మీద ఊగుతోంది, గంప ఊగినట్టే. మోకాళ్లు కొంచెం వంగి ఉన్నాయి. తల కొమ్మకి ఆనించింది. రెండు చేతులూ కొమ్మ మీద పై నుంచి కిందికి, పై నుంచి కిందికి, పొదుగు పిండినట్టు. మొహం అక్కర్లేదు నాకు, వీసా ఫొటో అక్కర్లేదు, నిలువునా గుడ్డ కప్పినా ఇది మా అక్కే. లోపల ఎంత సంతోషం పొంగిందంటే నిచ్చెన అదిరింది, కొమ్మ పట్టుకుని నిలదొక్కుకున్నాను. చూస్తూ ఉండగానే ఆమె ఒక పండు తీసి వెలుగులో పట్టుకుని తిప్పి చూసి, సరిపోలేదన్నట్టు పక్కన పడేసి ఇంకా ఎర్రది వెతికి కోసింది. అర్థమైంది నాకు. ఎందుకు కుమ్మరిస్తున్నారో ఆమెకి తెలియలేదు. పచ్చివి కలిశాయేమో అనుకుంటోంది. ఇంకా మంచివి, ఇంకా పండినవి ఏరుతోంది, ఒక్క కాడా రాకుండా ఇంకా శ్రద్ధగా, నాయనమ్మ మెచ్చుకునేటట్టు కోస్తోంది. మూడో బకెట్టు ముప్పావు నిండింది.

పదకొండేళ్లుగా నేను ఎవరి కంటా పడకుండా బతికాను. బడిలో వెనక బెంచీ, చర్చిలో గోడ పక్క, తోటలో చివరి వరస. ఎవరైనా పేరు పిలిస్తే ముందు భయం వేసేది. మేస్త్రీ నా పేరు గుర్తుపెట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది, అది నాకు గొప్పగా ఉండేది. మట్టిబాట వెడల్పు ఎంత, ట్రాక్టరు పట్టేంత. నిండిన బకెట్టుతో నిచ్చెన దిగాను. చాయో అత్త పై నుంచి ఏదో అంది, వినలేదు. బాట మీద కాలు పెట్టాను. ఎండ అప్పుడే వచ్చింది, తడి మట్టి ఆవిర్లు కక్కుతోంది, నా బూట్ల చప్పుడు నాకే పెద్దగా వినబడుతోంది, వెనక నుంచి ఎవరూ పిలవలేదు, నాలుగో చెట్టు దాకా వచ్చేశాను. వెనక నిలబడ్డాను. అక్క నుంచి చెమట, పొగ, ఉతికిన ఉన్ని వాసన. మా భాషలో, అమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మా భాషలో అన్నాను.

"అక్కా, కాడతో సహా కొయ్యాలి ఇక్కడ."

చేతులు ఆగిపోయాయి. తిరగలేదు.

"కాడ ఊడితే కొమ్మ చెడుతుంది" అంది, ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు. తర్వాత మెల్లిగా తిరిగింది. గుడ్డ పైన కళ్లు మాత్రమే. ఆ కళ్లు నా టోపీ, నా పట్టీలు, నా బూట్లు అన్నీ చూసి మళ్లీ పైకి వచ్చాయి. నా గుడ్డ కిందికి లాగాను.

"ఎలో" అంది. "ఇంత పొడుగెప్పుడు అయ్యావే?"

చేతులు చాపాను. అక్క వెనక్కి అడుగేసింది. అటు పక్క వరసలో ఒరాలియా ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు దగ్గరవుతోంది.

"ముందు బకెట్టు సంగతి చెప్పు" అంది అక్క. "ఏడుపు మధ్యాహ్నం."

చెప్పాను. చెప్పడం కాదు, ఆమె చెయ్యి తీసుకుని కొమ్మ మీద పెట్టాను. ఆ వేళ్లు నా వేళ్లకన్నా గరుకుగా, వేడిగా ఉన్నాయి. బొటనవేలు ఇక్కడ, చూపుడు వేలు ఇక్కడ, పండు ముట్టుకోకు, పైకి మెలిపెట్టు. మొదటిది చితికింది. రెండోది కాడతో వచ్చింది, అక్క దాన్ని ఏదో పాపం చేసినట్టు చూసింది. మూడోది, నాలుగోది. అయిదోది నా చెయ్యి తీసేశాక కూడా కాడతో వచ్చింది. నాకు వారం పట్టింది, మా అక్కకి అయిదు పండ్లు. అప్పటికి నా చేతులు ఇంకో పని చేసేశాయి, నన్ను అడగకుండానే. ఆమె నడుము ముడి విప్పి, ఆ పట్టీలు భుజాలకి సరిగ్గా తగిలించి, నా నిండు బకెట్టు ఆమె పొట్ట మీద బిగించి, కాడల్లేని ఆమె బకెట్టు నేను తగిలించుకున్నాను. ఇక్కడి బకెట్లన్నీ ఒక్కలా ఉంటాయి, ఎవరిదో ఎవరికి తెలుస్తుంది. అక్క వద్దంది, నా మణికట్టు పట్టుకుంది, నీకేమవుతుంది అంది. ఏమీ కాదన్నాను. నిజంగా ఏమవుతుందో నాకూ తెలియదు.

మళ్లీ బాట దాటాను. మేస్త్రీ మా పెట్టె దగ్గరే నిలబడి ఉన్నాడు, నేను ఎటు నుంచి వస్తున్నానో చూశాడు, నా బకెట్టులోకీ చూశాడు. పైనుంచి కింది దాకా చెయ్యి పెట్టి కలిపాడు, ఒక్క కాడా లేదు, నిగనిగలాడే ఎర్రటి పండ్లు. ఎనిమిదేళ్లలో నా బకెట్టు ఎవరూ కుమ్మరించలేదు. "ఏంటమ్మా ఇది, నిద్రలో కోశావా?" అన్నాడు. చాయో అత్త నిచ్చెన మీద నుంచి, దానికి మళ్లీ పదిహేనేళ్లొచ్చాయిలే మేస్త్రీ అంది. చుట్టూ ఇద్దరు ముగ్గురు తిరిగి నన్నే చూశారు. మేస్త్రీ బాట అవతలికి ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, బకెట్టు ఎత్తి గడ్డిలో బోర్లించాడు. ఇంకోసారి బాట దాటితే ఇంటికే అన్నాడు. నేను తలూపాను. తలదించుకోవాలని తెలుసు, కానీ మెడ వంగడం లేదు, చెవులు బాట అవతలికి వేసి నిలబడ్డాను. అవతల ఒరాలియా గొంతు ఏదో అడిగింది, బకెట్టు కొక్కెం చప్పుడైంది, తర్వాత ఏమీ లేదు. గడ్డి అయితే చప్పుడు చెయ్యదు. చెయ్యదు. ఇంకా ఏమీ లేదు. అప్పుడు ఒక్కసారిగా, వడగళ్ల వాన రేకుల మీద పడ్డట్టు, పండ్లు పెట్టె అడుగున గలగలా పడ్డాయి.